మందు దొరకకముందే చేయి చాచిన తల్లి
డిచ్‌పల్లి డాక్టరమ్మ ఇసబెల్ కెర్ జీవితము (1875–1932)

ధ్యానమునకు: మార్కు 1:40–45, లూకా 17:11–19, 1 కొరింథీయులకు 12:26



మన ఉట్నూరు కొండలు దిగి నిర్మలు మీదుగా దక్షిణమునకు పోయినయెడల సోను వద్ద గోదావరి నది దాటుదుము. అక్కడనుండి ఆర్మూరు, ఆర్మూరునకు ఆవల డిచ్‌పల్లి. నేడు బస్సు ఎక్కినవారికి అది కొన్ని గంటల ప్రయాణము. బస్సులు లేని దినములలో ఎడ్లబండిమీదనో కాలినడకనో పోవలసినవారికి అది దినములతరబడి సాగు యాత్ర. వర్షకాలమున గోదావరి నిండి పారునప్పుడు ఆ యాత్రయు ఆగిపోవును.

ఆ డిచ్‌పల్లిలో కుష్ఠరోగుల కొరకు నూరేండ్లకు పూర్వము ఒక ఆస్పత్రి వెలసెను. దానికి మూలకారకురాలైన స్త్రీ రాణి కాదు, ధనవంతురాలును కాదు. సముద్రములకావల ఒక రైతు ఇంట పుట్టిన బిడ్డ. ఆమె పేరు ఇసబెల్ కెర్. ఆమె కథ మన సంఘములలోని పిల్లలకు తెలియవలెనని ఈ నెల దానిని వ్రాయుచున్నాము.

దేవుని మహిమ కొరకు జీవించుట అను మాట మనము తరచుగా పలుకుచుందుము. ప్రార్థన చేసితిమి, రోగము పోయినది, దేవునికి మహిమ అందుము. పంట పండినది, దేవునికి మహిమ అందుము. ఇది మంచిదే. అయితే ప్రార్థన చేసినను రోగము పోనప్పుడు ఏమనవలెను? వాన రానప్పుడు, బిడ్డ లేచి నడువనప్పుడు, వైద్యుడు తలయూపి ఇక మందు లేదని చెప్పినప్పుడు, అక్కడ దేవునికి మహిమ కలుగునా? ఈ ప్రశ్న మనలో అనేకుల ఇండ్లలో నున్నది. దీనికి ఇసబెల్ కెర్ తన జీవితముతో జవాబు చెప్పెను.

రైతు ఇంటి బిడ్డ

ఇసబెల్ గన్ 1875వ సంవత్సరము మే 30వ తేదీన స్కాట్లండు దేశపు ఈశాన్య భాగమున జన్మించెను. ఆమె తండ్రి వ్యవసాయదారుడు. ఆ ప్రాంతము చలి ప్రాంతము. అక్కడి రైతులు ఓట్లు అను ధాన్యము పండించుకొని, పశువులను మేపుకొని బ్రదుకువారు. పొలము, పశువులు, తెల్లవారుజామున లేచి పనిచేయుట అనునవి మనకు వలెనే వారికిని ఎరిగిన సంగతులు.

ఆ కాలమున స్త్రీలు వైద్యవిద్య నేర్చుకొనుట అరుదు. స్కాట్లండులోని విశ్వవిద్యాలయములు బహుకాలము స్త్రీలకు పట్టములు ఇయ్యలేదు. 1892లో గాని ఆ ద్వారము తెరువబడలేదు. అట్లు తెరువబడిన కొద్ది సంవత్సరములలోనే ఇసబెల్ అబర్డీన్ విశ్వవిద్యాలయమున ప్రవేశించి, 1903లో వైద్యశాస్త్రమున పట్టము పొందెను. అదే సంవత్సరము జార్జి కెర్ అను సేవకుని వివాహమాడెను. ఆయన మెథడిస్టు బోధకుడు. ఆమె చేతిలో మందుల పెట్టె, ఆయన చేతిలో బైబిలు. ఈ రెండును ఒకే ఇంట చేరెను.

1907లో ఆ దంపతులు వెస్లియను మెథడిస్టు మిషను పక్షమున హైదరాబాదు సంస్థానమునకు వచ్చిరి. అప్పుడామెకు 32 సంవత్సరములు. స్వదేశముననే ఉండినయెడల నెమ్మదిగా వైద్యము చేసికొని గౌరవముగా బ్రదుకగలిగియుండెడిది. అయినను ఎండ మండు దేశమునకు, తెలియని భాష మాట్లాడు ప్రజల యొద్దకు ఆమె వచ్చెను.

నిజామాబాదులో కనబడిన దుఃఖము

వెస్లియను మిషను వారు అప్పటికి సుమారు ముప్పది సంవత్సరములుగా నిజాము రాజ్యమున పనిచేయుచుండిరి. మెదకులో చార్లెస్ పోస్నెట్ దొరగారు సేవ చేయుచుండిరి. తరువాత 1924లో ప్రతిష్ఠింపబడిన మెదకు మహాదేవాలయము ఆయన కాలమున కట్టబడినదే. కెర్ దంపతులకు నియమింపబడిన స్థలము నిజామాబాదు. పెద్దలు నేటికిని ఇందూరు అని పిలుచు పట్టణము అదే.

అక్కడ ఆమె వైద్యము చేయుచుండగా జ్వరములు గలవారు, ప్రసవవేదన పడు స్త్రీలు, కండ్ల జబ్బు గల పిల్లలు వచ్చుచుండిరి. వీరందరికిని ఆమె చేయగలిగినది ఏదో యొకటి ఉండెను. అయితే మరియొక జాతి రోగులు కూడ వచ్చిరి. వారు గుంపులో కలియక దూరముగా నిలిచియుండిరి. వారి చేతివేళ్లు వంకరలు పోయియుండెను. పాదములలో మానని పుండ్లు ఉండెను. వారిది కుష్ఠరోగము. మన పల్లెలలో దానిని పేరుపెట్టి పిలుచుటకు సైతము జంకి, పెద్దరోగము అందురు.

ఆ రోగులు చేరదగిన ఇల్లు ఆ ప్రాంతమున లేదు. మామూలు ఆస్పత్రిలో వారిని చేర్చుకొన్నచో మిగిలిన రోగులు లేచిపోవుదురు. ఇంటివారు ఉంచుకొనరు. ఊరివారు బావి దగ్గరకు రానీయరు. గుడిమెట్ల దగ్గర, సంతలో, రోడ్డు ప్రక్కన చేయి చాచి అడుగుకొనుటయే వారికి మిగిలినది.

ఈ రోగమును గూర్చి మనము సరిగా తెలిసికొనవలెను. నార్వే దేశస్థుడైన హాన్సెన్ అను వైద్యుడు 1873లోనే, అనగా ఇసబెల్ పుట్టుటకు రెండేండ్లు ముందే, దీనికి కారణమైన సూక్ష్మక్రిమిని కనుగొనెను. కాబట్టి ఇది శాపమువలన కలుగునది కాదు, పూర్వజన్మ పాపమువలన కలుగునది కాదు, చేతబడివలన కలుగునది కాదు. ఆ క్రిమి మెల్లమెల్లగా పెరుగును. అది ముఖ్యముగా చర్మమును నరములను పట్టును. నరము చెడినచోట స్పర్శ పోవును. స్పర్శ పోయినవాడు కాగుచున్న గిన్నెను వట్టిచేతితో పట్టుకొన్నను తెలియదు. కోసిన జొన్నకొయ్య పాదమున దిగినను తెలియదు. నొప్పి లేదు గనుక దానిమీదనే నడుచును. ఆ విధముగా పుండు పెరిగి, ఎముక చెడి, వేళ్లు పోవును. రోగము తానే వేళ్లను తినివేయదు. నొప్పి తెలియకపోవుటయే వాటిని తినివేయును.

లేవీయకాండమున చెప్పబడిన కుష్ఠు అనునది ఈ ఒక్క రోగమే కాదనియు, అనేక చర్మవ్యాధులకు ఆ పేరు వాడబడినదనియు బైబిలు పండితులు చెప్పుచున్నారు. అక్కడ బట్టలకును ఇంటి గోడలకును కూడ కుష్ఠు పట్టునని వ్రాయబడియున్నది గదా. కాబట్టి ఆ వాక్యములను పట్టుకొని నేటి రోగిని అపవిత్రుడనుట తగదు.

ఒక గృహము

1911లో ఇసబెల్ నిజామాబాదులో కుష్ఠరోగుల కొరకు ఒక చిన్న గృహమును ప్రారంభించెను. అప్పటికి ఆమె వద్ద ఆ రోగమును పోగొట్టు మందు లేదు. ఆమె వద్దనే కాదు, లోకములో ఏ వైద్యుని వద్దను లేదు. అయినను ఆమె తలుపు తెరిచెను.

తలుపు తెరిచినంతనే రోగులు వచ్చిరి. స్థలము చాలకపోయెను. పెద్ద ఆవరణము కావలసివచ్చెను. దానికి ధనము కావలెను. దేవుడు ఆ ధనమును ఎక్కడనుండి రప్పించెనో వినుడి. నిజామాబాదులో రాజా నర్సాగౌడు అను ధనికుడు ఉండెను. ఆయన హిందువు. మన సంఘమునకు చెందినవాడు కాడు. అయినను ఈ పనిని చూచి విశేషముగా ధనసహాయము చేసెను. కుష్ఠరోగుల సేవ కొరకే 1874లో ఏర్పడిన మిషను టు లెపర్స్ అను సంస్థయు చేయూత నిచ్చెను.

యెరికో దారిలో పడియున్న మనుష్యుని ఎత్తుకొన్నవాడు సమరయుడు. పదిమంది కుష్ఠరోగులలో తిరిగివచ్చి కృతజ్ఞత చెప్పినవాడు సమరయుడు. మంచితనము మన గోడలలోపలనే పుట్టునని మనము తలంపరాదని ప్రభువు ఈ రెండు సంగతులలోను నేర్పుచున్నాడు. నర్సాగౌడు గారిని తలంచుకొనునప్పుడు మనము దేవునికి స్తోత్రము చెల్లించవలెను. మన యూరిలో వేరు మతమువారు ఒక మంచి పని చేయునప్పుడు వారితో కలిసి చేయి వేయుటకు మనము సిగ్గుపడకూడదు.

1915లో డిచ్‌పల్లియందు విక్టోరియా కుష్ఠరోగుల ఆస్పత్రి వెలసెను. అప్పటికి ఐరోపాలో మహాయుద్ధము రెండవ సంవత్సరము నడుచుచుండెను. దేశములు మనుష్యులను చంపుటకు కోట్లు వెచ్చించుచుండగా, ఇచ్చట రాళ్ల నేలలో మనుష్యులు పారవేసిన మనుష్యుల కొరకు గోడలు లేచుచుండెను. కట్టడముల పనిని జార్జి కెర్ గారు దగ్గరుండి చూచుకొనిరి.

మందు లేని సంవత్సరములు

ప్రియులారా, ఆమె జీవితమున గొప్ప సంవత్సరములు ఏవని మనలను అడిగినయెడల, మెడలో పతకము వేసిన సంవత్సరమునో పెద్ద ఆస్పత్రి తెరిచిన సంవత్సరమునో చెప్పుదుము. మాకు తోచినంతవరకు ఆ మందు లేని సంవత్సరములే గొప్పవి.

వైద్యురాలికి అంతకంటె కష్టము ఏమున్నది? ప్రతి ఉదయము లేచి, తాను బాగుచేయలేని రోగుల యొద్దకు పోవలెను. పుండు కడుగవలెను, కట్టు కట్టవలెను. రేపు ఆ పుండు మరల అట్లే ఉండును. మరల కడుగవలెను. ఆ కాలమున కుష్ఠరోగిని చేర్చుకొన్న ఏ వైద్యుని దినచర్యయైనను ఇంతే. లెక్కకు చూపుటకు ఫలితము లేదు. బాగుపడి ఇంటికి పోయినవారి సంఖ్య వ్రాసి పంపుటకు లేదు. అన్నము పెట్టుట, పడుకొనుటకు చోటు ఇచ్చుట, పేరు పెట్టి పిలుచుట, ముట్టుకొనుట, ఇంతే ఆమె చేతిలో నున్నవి.

మార్కు సువార్త మొదటి అధ్యాయమును తెరిచి నెమ్మదిగా చదువుడి. కుష్ఠరోగి ప్రభువునొద్దకు వచ్చి మోకాళ్లూనెను. ప్రభువు కనికరపడెను. తరువాత ఏమి జరిగెనో వరుసను గమనింపుడి. మొదట ఆయన చేయి చాపెను. ఆ మీదట ముట్టెను. ఆ మీదట మాట పలికెను. అప్పుడు కుష్ఠము పోయెను. రోగము పోయిన తరువాత ఆయన ముట్టలేదు. రోగము ఉండగానే ముట్టెను. మాటతోనే బాగుచేయగల ప్రభువునకు ముట్టవలసిన అవసరమేమి? శతాధిపతి దాసుని దూరమునుండియే బాగుచేసెను గదా. ఈ మనుష్యునికి శరీరము బాగగుటకంటె ముందు మరియొకటి కావలసియుండెనని ఆయన ఎరిగియుండెను. ఎన్ని యేండ్లనుండి ఏ మనుష్యుని చేయియు అతనికి తగులలేదో! ఆ మనుష్యుడు శుద్ధినే అడిగెను, స్పర్శను అడుగలేదు. అడుగుటకు ధైర్యము లేని దానిని ప్రభువు ముందుగా ఇచ్చెను.

ఇసబెల్ కెర్ వద్ద ప్రభువు మాటలోని శక్తి లేదు. అయితే ప్రభువు చేసిన మొదటి పని ఆమె చేయగలదు. చేయి చాపగలదు. ఆమె దానిని చేసెను. మందు రానిమ్ము, అప్పుడు చూతమని ఆమె కూర్చుండలేదు. తనకు లేనిదానికొరకు వేచియుండక, ఉన్నదానిని ఇచ్చెను. ఇందువలననే దేవునికి మహిమ కలిగినది. ఫలము కనబడినప్పుడు ప్రేమించుట ఎవనికైనను సాధ్యము. ఫలము కనబడనప్పుడు ప్రేమించుట ప్రభువు ఆత్మ లేనిదే సాధ్యము కాదు.

మందు వచ్చినది

మన దేశమున పూర్వమునుండి కుష్ఠునకు వాడు నూనె యొకటి కలదు. పడమటి కనుమలలో పెరుగు హిడ్నోకార్పస్ అను చెట్టు గింజలనుండియు, దాని జాతికే చెందిన చాల్‌మోగ్రా గింజలనుండియు ఆ నూనె తీయుదురు. దానిని త్రాగించినయెడల కడుపు త్రిప్పి వాంతులగును. అందుచేత చాలమంది దానిని తాళలేకపోయిరి. 1920 ప్రాంతమున కలకత్తాలో పనిచేయుచుండిన డాక్టరు ఎర్నెస్టు ముయిర్ మొదలైనవారు ఈ నూనెను సూదిమందుగా ఇచ్చు పద్ధతిని బాగుచేసిరి. మంచి ఆహారము, శరీరమునకు పని, పరిశుభ్రత కూడ దానితో చేరవలెనని ముయిర్ చెప్పెను.

ఇసబెల్ ఆ పద్ధతిని నేర్చుకొని డిచ్‌పల్లిలో ప్రవేశపెట్టెను. రోగము ముదురకముందే వచ్చినవారిలో మేలు కనబడెను. అంతవరకు చనిపోవుటకు వచ్చు చోటుగా ఎంచబడిన స్థలము, బాగుపడుటకు వచ్చు చోటాయెను. దాచుకొని దాచుకొని చివరకు వచ్చుటకు బదులు, తొందరగా వచ్చుటకు రోగులకు ధైర్యము కలిగెను. డిచ్‌పల్లి పేరు దేశమంతట వినబడెను. 1923లో ప్రభుత్వమువారు ఆమెకు కైసరీ హింద్ పతకము నిచ్చి గౌరవించిరి.

ఒక సంగతి ఆలోచింపుడి. 1911లో ఆమె తలుపు తెరువకపోయినయెడల, మందు వచ్చినప్పుడు దానిని పుచ్చుకొనుటకు ఆ చుట్టుప్రక్కల సిద్ధముగా నుండిన చోటు ఏది? రోగులు ఎవరిని నమ్మి వచ్చెడివారు? మందు లేని సంవత్సరములలో కుదిరిన నమ్మకమే మందు వచ్చినప్పుడు అక్కరకు వచ్చెను. పొలము దున్ని పెట్టుకొన్నవానికే వాన ఉపయోగపడును. దున్ననివాని చేనిమీద కురిసిన వాన పారిపోవును. ఇది మన రైతులకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ నూనెయు అందరిని బాగుచేయలేదు. ఆ సత్యమును దాచరాదు. ముదిరిన రోగులలో దాని బలము తక్కువ. వంకరపోయిన వేళ్లు తిరిగి చక్కబడలేదు. రోగము ఆగినవారిలో సైతము అనేకులను ఇంటివారు చేర్చుకొనుటకు ఇష్టపడరు. శరీరమునకు మందు దొరికినను ఊరి భయమునకు మందు దొరకలేదు. కాబట్టి మందు వచ్చిన తరువాతను ప్రేమ అక్కర తీరలేదు.

పరుగు ముగియుట

1932లో ఇసబెల్ కెర్ ప్రభువునందు నిద్రించెను. మన దేశమునకు వచ్చి అప్పటికి ఇరువదియైదు సంవత్సరములు. ఆమె పోయిన తరువాతను జార్జి కెర్ గారు కొన్ని సంవత్సరములు ఆ పనిని విడువక సాగించి, 1938లో స్వదేశమునకు వెళ్లిరి.

ఆమె చూడని మేలులు తరువాత వచ్చెను. 1940 దశకమున డాప్సోన్ వర్గపు మందులు వచ్చెను. 1982నుండి రెండు మూడు మందులు కలిపి ఇచ్చు చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసెను. దానితో ఈ రోగము పూర్తిగా నయమగుచున్నది. రోగముయొక్క విధమునుబట్టి ఆరు నెలలో పండ్రెండు నెలలో మందు మ్రింగవలెను. మందు మొదలుపెట్టిన కొద్ది దినములలోనే ఆ రోగివలన ఇతరులకు అంటు భయము పోవును. ఆస్పత్రులు కట్టి రోగులను వేరుగా ఉంచవలసిన అవసరము తీరిపోయినది. 1898నాటి కుష్ఠరోగుల చట్టమును 2016లో మన పార్లమెంటు రద్దుచేసెను. భార్యకు గాని భర్తకు గాని కుష్ఠు వచ్చుటను విడాకులకు కారణముగా చూపు నిబంధనలను 2019లో తొలగించెను.

మన పాలు

ఇది పాత కథ, ఇప్పుడా రోగము లేదు అని మనము పుస్తకము మూయరాదు. 2005 నాటికి దేశమంతటిమీద రోగుల సంఖ్య పదివేలమందికి ఒకరికంటె తక్కువకు దిగినది. ఇది సంతోషము. అయినను మన దేశమున ఇంకను ఏటేట సుమారు లక్షమంది క్రొత్త రోగులు కనబడుచున్నారు. కాబట్టి శరీరముమీద రంగు తగ్గిన మచ్చ గాని ఎఱ్ఱని మచ్చ గాని ఏర్పడి, అక్కడ గిల్లినను స్పర్శ తెలియకున్నయెడల, దాచుకొనక దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవలెను. మందు ఉచితముగా ఇత్తురు. ముందుగా పోయినవానికి వేలు పోదు, కాలు పోదు. ప్రార్థన చేయుచున్నాము గనుక మందు వద్దనుట విశ్వాసము కాదు. ఇసబెల్ ఒక చేత ప్రార్థనను, ఒక చేత సూదిని పట్టుకొనెను. రెండును దేవుడిచ్చినవే.

ఇక సంఘమును గూర్చి ఒక మాట. నొప్పి తెలియకపోవుటయే కుష్ఠురోగి అవయవములను పోగొట్టునని పైన చెప్పితిమి. అపొస్తలుడైన పౌలు సంఘమును శరీరముతో పోల్చి, ఒక అవయవము శ్రమపడినప్పుడు అవయవములన్నియు దానితోకూడ శ్రమపడునని కొరింథీయులకు వ్రాసెను. మన సంఘములో ఒక విధవరాలి ఇంట పొయ్యి వెలుగకపోయినను మనకు తెలియకున్నయెడల, ఒక రోగి మూడు ఆదివారములు గుడికి రాకపోయినను మనము అడుగకున్నయెడల, కొండమీది గూడెమునుండి వచ్చిన బిడ్డ బల్ల చివర ఒంటరిగా కూర్చున్నను మనకు చుఱుక్కుమనకున్నయెడల, స్పర్శ పోయినది ఎవరికి? చర్మముమీద మచ్చ లేకున్నను ఆ రోగము మనలోనున్నది. దానికి మందు ఆరోగ్య కేంద్రములో దొరకదు. ప్రభువు పాదములయొద్దనే దొరకును.

కష్టములలోనున్న సహోదరీ, సహోదరుడా, నీ ఇంట మంచమునపడిన తల్లికి సేవచేయుచు, ఫలము కనబడక నీవు అలసియున్నావేమో. బుద్ధి వికసింపని బిడ్డను సాకుచు, ఎవరును మెచ్చుకొనుట లేదని లోలోపల ఏడ్చుచున్నావేమో. నీవు కడిగిన పుండు రేపు మరల అట్లే ఉండవచ్చును. అయినను నీ చేయి ప్రభువు చేయి చాచిన దిక్కునకే చాచబడియున్నది. డిచ్‌పల్లిలో గడిచిన ఆ మందు లేని సంవత్సరములను తలంచుకొనుము. ఆ సంవత్సరములలో కడుగబడిన పుండ్లను దేవుడు మరువలేదు. నీవు చేయుచున్న దానినిని ఆయన మరువడు.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు

1. మన యూరిలో అందరును దూరముగా నుంచువారు ఎవరు? ఈ నెలలో వారి గడప త్రొక్కుటకు మనలో ఎవరు పోవుదురు?
2. ఫలము కనబడలేదని మనము మధ్యలో విడిచిన మంచి పని ఏదైన ఉన్నదా?
3. వేరు మతమువారు చేసిన మేలుకు మనము కృతజ్ఞత చెప్పితిమా?

ప్రార్థన

పరలోకమందున్న మా తండ్రీ, కుష్ఠరోగిని ముట్టిన నీ కుమారుని నిమిత్తము నీకు స్తోత్రములు. దూరదేశమునుండి మా ప్రాంతమునకు నీవు పంపిన నీ దాసురాలి నిమిత్తమును, ఆమెకు తోడ్పడిన వారందరి నిమిత్తమును నీకు వందనములు. మా చేతులు మొద్దుబారకుండ కాపాడుము. మందు ఉన్నప్పుడు దానిని వాడుకొను బుద్ధిని, మందు లేనప్పుడును విడువక ప్రేమించు ఓర్పును మాకు దయచేయుము. మా బ్రదుకులలో నీ నామమునకే మహిమ కలుగునుగాక. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.